విగ్రహం కన్నా ముందు జీవిత చరిత్ర రావాలి

అంబేడ్కర్ 1952లో బొంబాయిలో ఓడిపోయారు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఓడిపోయారు. మంత్రి పదవి అంతకుముందే వదులుకున్నారు. ఆయన పని అయిపోయిందని రాజకీయ పండితులు తీర్మానించుకున్న ఆ 1954లోనే ఆయన సమగ్ర జీవిత చరిత్ర ఇంగ్లీషులో వెలువడింది. దాన్ని రాసిన ధనంజయ్ కీర్‌ రత్నగిరిలో పుట్టి, బొంబాయి మునిసిపాలిటీ విద్యాశాఖలో గుమాస్తాగా పనిచేసిన మనిషి. ఏ విశ్వవిద్యాలయమూ ఆయనకు ఈ పని అప్పజెప్పలేదు.

కీర్ పుస్తకాల వరస అందరికీ తెలిసిందే. 1950లో సావర్కర్‌, తర్వాత అంబేడ్కర్‌, తిలక్‌, ఫూలే, గాంధీ, 1976లో శాహూ మహారాజ్. నడుమ 1971లో పద్మభూషణ్ కూడా వచ్చింది. నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆయన ఎంచుకున్న సమయం. అంబేడ్కర్ బతికుండగానే రాశారు కాబట్టి ఆయన్నే అడిగే వీలుంది, దళితుల నీటి హక్కు కోసం సాగిన మహాడ్ చెరువు సత్యాగ్రహంలో నడిచినవాళ్లను వెతికి పట్టుకునే వీలుంది. 1956 నాటి బౌద్ధ దీక్ష, ఆ వెంటనే మరణం తర్వాతి ముద్రణల్లో చేరాయి. మరో పాతికేళ్లు ఆగి ఉంటే ఆ సాక్షుల్లో ఎందరు మిగిలేవారు? ఫూలే విషయంలో జరిగింది అదే. ఆయన 1890లో కన్నుమూస్తే, కీర్ పుస్తకం 1964లో వచ్చింది. అప్పటికి మిగిలింది కాగితాలే. ఆ కాగితాల్లోంచే, కుల వివక్షను ఎదిరించిన సత్యశోధక్ సమాజ్ స్థాపకుణ్ణి మహారాష్ట్ర బయటి పాఠకుల ముందు నిలబెట్టారు.

కీర్‌ది చరిత్ర కాదు, వీరపూజ అనేవాళ్లున్నారు. సావర్కర్ పుస్తకం మీద ఆ విమర్శ నిలుస్తుంది. అంబేడ్కర్‌ మీద ఆయన చేసిన కొన్ని వ్యాఖ్యలతోనూ తగువు పడొచ్చు. కానీ ఆ తగువుకు కావలసిన తేదీలు, ప్రసంగాలు, ఉత్తరాలు ఒకచోట కూర్చిపెట్టింది కూడా ఆయనే. ఆయనతో విభేదించి రాసినవాళ్లు సైతం ఆయన పుస్తకం తెరవక తప్పలేదు.

మరి మన సంగతి? 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టినప్పుడు మొదట అచ్చువేసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన లింకన్ చరిత్ర. దాని వెనకున్న కొమర్రాజు లక్ష్మణరావు స్వయంగా శివాజీ చరిత్ర రాసిన మనిషి. అంత మంచి ఆరంభం ఉన్న భాషలో ఇవాళ జీవిత చరిత్ర అంటే సన్మాన సంచిక, శతజయంతి పొగడ్తల సంకలనం. ప్రత్యర్థుల మాట కూడా విని, దస్తావేజులు తిరగేసి రాసిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇదే కాలంలో హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు లేచాయి. లేవాలి కూడా. నా కోపం విగ్రహాల మీద కాదు, విగ్రహంతోనే బాధ్యత తీరిందనుకునే ప్రభుత్వాల మీద. 1906లోనే హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, 1917లో బెజవాడ సభలో అంటరానివాళ్లని తగిలించిన 'పంచములు' అనే పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్రులమని చాటిన దళిత నాయకుడు. కీర్ అంబేడ్కర్‌కు చేసినంత పని ఆయనకు మనలో ఎవరు చేశారు? వర్మ 1939లోనే వెళ్లిపోయారు. ఆయన్ని చూసినవాళ్లను అడిగే అవకాశం చేజారింది. ఇక కాగితాలే దిక్కు.

నిజాం కాలపు కాగితాలు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిలో చాలాభాగం ఉర్దూ, ఫారసీల్లో ఉంది. ఆ లిపి చదవగల పరిశోధకులు ఏటేటా తగ్గిపోతున్నారు. రెండు తెలుగు ప్రభుత్వాలూ ప్రతి ఏడాదీ పదిమంది జీవిత చరిత్రకారులకు మూడేళ్లు బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలి, ఉర్దూ, ఫారసీ నేర్పించాలి, రాసినదాంట్లో వేలు పెట్టకూడదు. మొదటి పుస్తకం భాగ్యరెడ్డి వర్మదే కావాలి.