వెంటపడటం ప్రేమ ఎలా అవుతుంది?

ఈ మధ్య చదివిన ప్రేమ నవలల్లో నాయకుడి పని ఒక్కటే, వెంటపడటం! ఆమె ఫోను దొంగచాటుగా చూస్తాడు, ఇంటి ముందు కాపు కాస్తాడు, గదిలో బంధిస్తాడు. చివరి అధ్యాయంలో పెళ్లి! అతని బాల్యం కష్టాల్లో గడిచిందని సమర్థన. మరి ఆమె భయం?

దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి నల్లగొండకు బస్సులో చదువుకోవడానికి వచ్చే అమ్మాయిలను అడగండి, వెంటపడేవాడు ఎలా ఉంటాడో చెబుతారు. 2013లోనే చట్టం దీన్ని నేరమంది. 2014లో తెలంగాణలో మహిళల రక్షణకు పోలీసుల షీ టీమ్‌లు మొదలైంది ఎవరి ఆగడాలు ఆపడానికి?

చీకటి కథలు నాకిష్టం. క్రూరత్వాన్ని చూపించండి, భయపెట్టండి, నిద్ర చెడగొట్టండి. దానికి ప్రేమ అని పేరు మాత్రం పెట్టకండి! బడిపిల్లలు కూడా ఫోనుల్లో ఇవే చదువుతున్నారు. మొదటి పేజీలో ఒక్క హెచ్చరిక వేయడానికి అడ్డేమిటి?