అమ్మమ్మకు ఒక న్యాయం, మనవరాలికి ఒక న్యాయం

సెప్టెంబరు 8, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం దగ్గర పడుతోంది. వయోజన విద్య అనేది ఒకటుందని అధికారులకు ఏటా గుర్తొచ్చే రోజులివి. 15 ఏళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసం కేంద్రం 2022–27 కాలానికి తెచ్చిన ఉల్లాస్ పథకం ఉద్దేశం మంచిదే. పొదుపు సంఘంలో వేలిముద్ర వేసే ఆమె సంతకం చేయాలి, బస్సు బోర్డు చదువుకోవాలి, మందుల చీటీ మీద ఎన్ని పూటలో చూసుకోవాలి. గోదావరి జిల్లాల్లో ఈ నేర్పడమంతా తెలుగులోనే. చివర పెట్టే పరీక్షా తెలుగులోనే. ఆమెకు ముందు ఇంగ్లీషులో అక్షరాలు దిద్దించాలని ఇంతవరకు ఏ అధికారీ అనలేదు, ఏ మంత్రీ అనలేదు. అంటే జనం నవ్వుతారని వారికి తెలుసు.

అదే ఊరి సర్కారు బడిలో ఆమె మనవరాలు చదువుతోంది. ఆ పిల్లకు మాత్రం లెక్కలు ఇంగ్లీషు మాధ్యమంలో, మూడో తరగతికి వచ్చేసరికి పరిసరాల విజ్ఞానమూ ఇంగ్లీషు మాధ్యమంలో. విద్యాశాఖ ఒక్కటే, ఇల్లు ఒక్కటే, ఇంట్లో మాట్లాడే భాష ఒక్కటే. అరవై ఏళ్ల మనిషికి చదువు అబ్బాలంటే సొంత భాష తప్పదని ఒప్పుకున్న ప్రభుత్వం, ఆరేళ్ల పసిదానికి అది అక్కర్లేదని ఎలా తేల్చింది? ఈ రెండు నాల్కల ధోరణికి జవాబు కావాలి.

పూర్వకథ పాఠకులకు తెలిసిందే. సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవోలు వచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది, వ్యవహారం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఈలోగా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు అచ్చేసిన పాఠ్యపుస్తకాలు బడులకు చేరాయి. ప్రభుత్వం మారింది గాని తరగతి గదిలో ఈ గజిబిజి తీరలేదు.

ఏ లంక గ్రామపు బడికైనా వెళ్లి మూడో తరగతి పిల్లవాడి చేత ఆ పుస్తకం చదివించండి. ఇంగ్లీషు పేజీ మీద వేలు పెట్టి గడగడా అప్పజెబుతాడు. కొన్నిచోట్ల వేలు ఒక మాట మీద ఉంటే నోరు తరువాతి మాటకు వెళ్లిపోయి ఉంటుంది, ఎందుకంటే అతను చదవడం లేదు, కంఠతా వచ్చింది పలుకుతున్నాడు. అర్థం ఏమిటని అడిగితే మాస్టారి ముఖం చూస్తాడు. వరదొస్తే ఇంటి సామాను పడవలోకి ఎలా ఎక్కిస్తారో, రొయ్యల చెరువులో నీరు ఎప్పుడు మార్చాలో, దింపు తీసిన కొబ్బరికాయల్లో నీరింకిన కురిడీ ఏదో అదే పిల్లవాడిని అడగండి, పూసగుచ్చినట్టు చెబుతాడు. చదువుకు పెట్టుబడి ఆ మాటలే. తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే ఎదురైన ప్రతి మాటనూ కూడబలుక్కోవచ్చు. కూడబలుక్కున్న మరుక్షణం అది తనకు తెలిసిన మాటేనని వెలుగుతుంది, దాంతో మరో వాక్యం చదవాలనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ పిల్లవాడికి వర్ణక్రమమూ సాయపడదు, మాటా ముందు విన్నది కాదు. మిగిలేది బల్ల మీది రాత చూసి దించుకోవడం. దాన్నే మన తనిఖీ అధికారులు ‘రాయడం వచ్చు’ అన్న గడిలో టిక్కు పెట్టి పంపుతున్నారు.

ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగాలు రావని, డబ్బున్నవారి పిల్లలకు దక్కినది పేదల పిల్లలకు ఎందుకు దక్కకూడదని తల్లిదండ్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లీషును ఒకటో తరగతి నుంచే ఒక భాషగా, మంచి ఉపాధ్యాయులను పెట్టి నేర్పమనే మేమూ అంటున్నాం. కాని చదవడం అనే విద్యనే రాని భాషలో మొదలుపెడితే పేద పిల్లవాడికి ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. ఇంట్లో ఇంగ్లీషు వినిపించే పిల్లవాడు ఎలాగో ఒడ్డున పడతాడు. నష్టపోయేది ఎవరో ఇంకా చెప్పాలా?

పోనీ, చట్టం తెలియక చేస్తున్నారా? సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధన జరగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషే మాధ్యమం కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. సొంత భాషలో అక్షరం ఏం చేయగలదో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1990ల ఆరంభంలోనే చూపించారు. అక్షరాస్యతా కేంద్రంలో సారా గురించి చదివిన పాఠం వారిని సారా దుకాణాల మీదికి నడిపించింది. అర్థంకాని భాషలో ఆ పాఠం ఉంటే కంఠస్థం చేసి ఇంటికి పోయేవారు. ఇవన్నీ తెలిసే వేదికల మీద శ్రీరంగ నీతులు చెబుతున్నారు.

భాషాభిమానులమని చెప్పుకునేవారూ ఈ దోషంలో భాగస్థులే. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పటానికి దండలు వేస్తారు. ఆయన వాడుక భాష కోసం పోరాడారని చెప్పి ఊరుకుంటారు. సవర పిల్లలకు సవర భాషలో చదువు చెప్పాలని ఆ భాష తాను నేర్చుకుని, వాచకాలు రాశారన్న మాట మాత్రం ఏ ప్రసంగంలోనూ వినపడదు. పోలవరం కోసం ఊళ్లు వదిలి మెట్ట ప్రాంతపు కాలనీలకు చేరిన కోయ కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషు ఎంత పరాయిదో, పుస్తకాల తెలుగూ దాదాపు అంతే పరాయిది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే కోయ, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధన ఆరంభించిన చరిత్ర మనకుంది. ఆ పుస్తకాలు ఆ కాలనీ బడులకు ఎందుకు వెళ్లవు? తెలుగు పిల్లవాడికి కావలసిన హక్కు కోయ పిల్లవాడికి అక్కర్లేదనుకుంటే అది కూడా అదే కపటం.

దౌలేశ్వరంలో 1874లోనే కందుకూరి వీరేశలింగం బాలికల బడి పెట్టిన నేల ఇది. ఆ గొప్ప చెప్పుకోవడంలో మనకెవరూ సాటి రారు. 2011 జనాభా లెక్కల్లో మాత్రం తూర్పు గోదావరి అక్షరాస్యత 71 శాతం దగ్గరే ఆగింది. నేటి తరగతి గదుల్లో కూర్చున్నవారిని కూడా రేపటి వయోజన అక్షరాస్యతా కేంద్రాలకు సిద్ధం చేస్తున్నారా?

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవగలగాలన్నది కేంద్ర పథకం నిపుణ్ భారత్ 2026–27కు పెట్టుకున్న లక్ష్యం. ఒకటి నుంచి మూడు తరగతుల వరకు చదువు పిల్లల ఇంటి భాషలో జరుగుతుందని విద్యాశాఖ రాతపూర్వకంగా ఆదేశించాలి. అది చేతకాకపోతే అమ్మమ్మల తరగతులనూ ఇంగ్లీషులోకి మార్చి చూపించండి. ఆ పలకలు ఎన్నాళ్లు పట్టుకుంటారో మంత్రులే ఎదురుగా కూర్చుని చూడండి.