టాలెంటుకు తూకం కావలెను

పదో తరగతి పరీక్షలు ముగియకముందే, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి విజయనగరం కోట జంక్షన్ వరకు కరెంటు స్తంభాలన్నింటికీ 'టాలెంట్' అనే మాట వేలాడటం మొదలవుతుంది. టాలెంట్ టెస్ట్, టాలెంట్ హంట్, మీ చిన్నారిలో దాగివున్న టాలెంటును వెలికితీస్తామన్న హామీ, దాని కింద ఫోన్ నంబరు. ఈ విద్యాసంస్థలు అర్థం తెలియకుండానే ఆ మాటను వాడుతున్నాయని గిట్టనివాళ్ళు అంటూంటారు. ఇది శుద్ధ అభాండం. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలను కొంచెం ఓపికగా పరిశీలిస్తే, దానిని మూలార్థంలో వాడుతున్న పుణ్యాత్ములు వీరేనని ఒప్పుకోక తప్పదు.

గ్రీకులో 'తలాంతోన్' అంటే త్రాసు. త్రాసు నుంచి ఆ మాట తూకపు బరువుకూ, ఆ బరువు నుంచి అంత తూగే వెండికీ పాకింది. మన 'తుల'కు అది దూరపు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు కాబట్టి, పెళ్ళి సంబంధాల దగ్గర తులాల లెక్క మాట్లాడుకునే పెద్దలందరూ తమకు తెలియకుండానే టాలెంటు గురించే మాట్లాడుతున్నారన్నమాట. ఇంగ్లీషులో ఆ మాటకు ప్రతిభ అనే అర్థం 15వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. అది కూడా బైబిల్లోని ఒక ఉపమానం పుణ్యమే. అంతకుముందు టాలెంటు ఉన్నవాడంటే డబ్బున్నవాడే. మన ఊళ్ళలో అడ్మిషన్ కౌంటరు దగ్గర కూర్చునే గుమాస్తాకు ఈ చరిత్ర ఎవరూ చెప్పలేదు, అయినా తండ్రి చెప్పుల వంక ఒక్కసారి చూసి పిల్లవాడి టాలెంటును అంచనా కట్టగలడు.

ఆ ఉపమానం మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉంది. ప్రయాణమై వెళుతూ ఒక యజమాని తన దాసులలో ఒకడికి అయిదు తలాంతులు, అంటే టాలెంట్లు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి అప్పగిస్తాడు. ఒక తలాంతు అంటే ఆరువేల దేనారాలు, దేనారమంటే కూలివాడి ఒకరోజు కూలి. ఏడాదికి మూడువందల రోజులు పని దొరికిందనుకున్నా, ఒక్క తలాంతు కూడబెట్టడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది, అదీ తిండీ తిప్పలూ మానేస్తే. పొట్ట చేతపట్టుకొని చెన్నైకో హైదరాబాదుకో వలసపోయిన మన తాపీమేస్త్రి, కొడుకు ఇంటర్ హాస్టల్ ఫీజు చలానాను చేత్తో పట్టుకున్నప్పుడు ఈ లెక్కను ఏ పండితుడి సాయమూ లేకుండానే గ్రహిస్తాడు.

ఆ అధ్యాయంలో 29వ వచనం ఇంకా గహనమైనది. ఉన్నవాడికి మరింత ఇస్తారు, లేనివాడి దగ్గర ఉన్న కాస్తా ఊడబెరుక్కుంటారు అన్నది దాని తాత్పర్యం. దీని మీద వేదాంతులు ఎన్నో వ్యాఖ్యలు రాశారు గాని, మన విద్యాసంస్థల ఫీజు రాయితీ పట్టికను మించిన వ్యాఖ్య ఇంతవరకు రాలేదు. మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడికి సీటు ఉచితం, హాస్టల్ ఉచితం, నిలువెత్తు ఫ్లెక్సీ అదనం. నడిమి మార్కుల పిల్లవాడు పూర్తి ఫీజు కడతాడు. ఆ ఫ్లెక్సీ ఖర్చు కూడా అందులోనే కలిసివుంటుంది. అక్షరం పొల్లుపోకుండా వచనాన్ని అమలు చేస్తున్న సంస్థలను పట్టుకొని వ్యాపారం చేస్తున్నాయంటే కళ్ళు పోతాయి.

మూడో దాసుడి విషయంలో మాత్రం నాకు గ్రంథంతో కొంత పేచీ ఉంది. ఒక తలాంతు అందుకున్న ఆ అమాయకుడు దానిని భూమి తవ్వి దాచాడని, కనీసం వడ్డీకైనా ఇవ్వలేదని యజమాని చీవాట్లు పెట్టి వెళ్ళగొడతాడు. యజమాని భోగాపురం వైపు వచ్చివుండడు. విమానాశ్రయం కబురు పొక్కిన తరువాత ఆ చుట్టుపక్కల భూమిలో డబ్బు పెట్టినవాడు అయిదు తలాంతుల వాడిని ఎప్పుడో దాటిపోయాడు. మన జిల్లాలో ఈ ఉపమానాన్ని బోధించేవారు ఆఖరి భాగాన్ని కొంచెం సవరించుకోవడం మేలు.

ఇక బరువు సంగతి. బైబిల్లోని నిర్గమకాండంలో దీపవృక్షాన్ని చేయించినది ఒక తలాంతు మేలిమి బంగారంతో. ఆ తలాంతు ఇప్పటి లెక్కలో సుమారు 34 కిలోలు ఉంటుందని పండితుల అంచనా. ఈ కొలత ప్రకారం చూస్తే, ఆమదాలవలస మండలం ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఆమె చూపించిన టాలెంటు ఏడు అని కచ్చితంగా చెప్పవచ్చు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఆడపిల్లలు ఇప్పటికీ ఇనుప బద్దెలు ఎత్తుతూ టాలెంటును కిలోల్లోనే లెక్కపెట్టుకుంటున్నారు. వారి పేరు మీద వెలిసే ఫ్లెక్సీలు మాత్రం పతకం వచ్చిన మర్నాడు కట్టి, వారం తిరగకముందే కోచింగ్ ప్రకటన కోసం విప్పేస్తారు. గ్రీకులు ఇలాంటి పొరపాటు చేసేవారు కాదనుకుంటాను.

అందుచేత విద్యాశాఖవారికి నాదొక విన్నపం. ఓఎంఆర్ షీట్లు, నెగెటివ్ మార్కులు అనే ఈ చుట్టుదారి పద్ధతి మానిపించి, ప్రతి విద్యాసంస్థ వాకిట ధృవీకరించిన కాటా ఒకటి పెట్టించాలి. ఒక పళ్ళెంలో పిల్లవాణ్ణి పుస్తకాల సంచీతో సహా కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో తండ్రి చేత నోట్ల కట్టలు, అవి చాలకపోతే తల్లి మెడలోనివి, అవీ చాలకపోతే పట్టాదారు పాసుపుస్తకం పెట్టించి, ముల్లు నడిమికి వచ్చిన క్షణాన సీటు ఖరారు చేయవచ్చు. సంచీ బరువు పిల్లవాడి బరువులో పది శాతం మించరాదని ప్రభుత్వ విధానం ఉన్నా, తూకం వేళ సంచీ తీసేయమంటే యాజమాన్యాలు ఒప్పుకోకపోవచ్చు. ఇదేమీ కొత్త పద్ధతి కాదు, మన పురాణాల్లో తులాభారం ఉండనే ఉంది. అయితే ఆఖరున రుక్మిణమ్మ తరహాలో తులసిదళం పెడతామంటే మాత్రం ఆఫీసులో రసీదు ఇవ్వరు.