పన్ను ఊడిందా సామీ?

తిరుపతిలో ఎవరి చేతిలోనైనా తన్నులు తినే యోగం ఉన్నవారికి నాదొక సలహా. వీపు చూపించకండి, మూతి చూపించండి. వీపు, నడుము, తొడలు చట్టం పెద్దగా లెక్కపెట్టే సరుకు కాదు. పన్ను మాత్రం లెక్కలోకి వస్తుంది.

భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ చూడండి. తీవ్ర గాయాలు ఎనిమిది రకాలట. కన్ను పోవడం, చెవి పోవడం, కీలు పోవడం లాంటి ఘోరాల పక్కనే ఎముకతో పాటు మన పన్ను కూడా దర్జాగా కూర్చుంది. విరిగినా, ఉన్న చోటు తప్పినా చాలు, కొట్టినవాడికి ఏడేళ్ల దాకా జైలు. అదే ఒళ్లంతా వాచి నల్లబడినా ఎముకా పన్నూ భద్రంగా ఉంటే అది మామూలు గాయం. 115(2) కింద ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తుకు కదలకూడదు కూడా.

ఇక గాంధీ రోడ్డులో బండి పెట్టే చోట ఇద్దరు కొట్టుకున్నారనుకోండి. చితికిపోయినవాడు చొక్కా విప్పుకుంటూ స్టేషన్‌కు వస్తాడు.

"పన్నేమైనా ఊడిందా సామీ?"

"లేదు సార్, వీపు చూడండి."

"వీపు చూసి నేనేం చేసేది? నోరు తెరువు."

తెరుస్తాడు. ముప్పై రెండూ ఉన్నాయి, పాపం. ఈలోగా కొట్టినవాడే లడ్డూ కవరు పట్టుకుని దిగుతాడు. అందులో ఒక పన్ను. పోయిన దీపావళి నుంచి ఊగుతున్నదే, తోపులాటలో మోచెయ్యి తగిలి రాలింది. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల పత్రం రాయించుకున్నాడు, డాక్టరు గ్రీవియస్, అంటే తీవ్ర గాయమే అన్నాడు. సాయంత్రానికి వీపు పగిలినవాడు ముద్దాయి, వీపు పగలగొట్టినవాడు బాధితుడు. కాబట్టి ఊగే పన్ను ఉన్నవారు డబ్బులిచ్చి పీకించుకోవద్దు, దాచుకోండి. కట్టుడు పళ్లవారికి ఈ అదృష్టం లేదు. అన్నట్టు, అదే పంటితో ఎదుటివాణ్ని కొరికితే మాత్రం మనిషి పళ్లు ప్రమాదకరమైన ఆయుధం కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది!

ఎనిమిదో రకం ఇంకా గొప్పది. ప్రాణం మీదికి తెచ్చిన గాయం, లేదా 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడేలా గానీ, రోజువారీ పనులు చేసుకోలేకుండా గానీ చేసిన గాయం. ఈ సంహితకు ముందున్న 1860 నాటి ఐపీసీలో ఇది 20 రోజులు. 160 ఏళ్లకు పైగా ఆగి, 2024 జూలై 1 నుంచి ఐదు రోజులు తగ్గించారు. ఆ ఉదారతకు దండం పెట్టుకోవాల్సిందే.

ఆ 15 రోజులు మంచం మీద ఉండగలిగేది ఎవరు? రియల్ ఎస్టేట్ అన్న ఉంటాడు. ఏసీ రూము, సెలైన్, పరామర్శకు వచ్చేవాళ్ల యాపిల్ పళ్లు. ఊరికే ఆసుపత్రిలో పడుకుంటే సరిపోదని కోర్టులు చెబుతూనే ఉన్నాయి, ఆయన ఫైలు మాత్రం లావెక్కుతూనే ఉంటుంది.

దామలచెరువు మామిడి మండీలో లోడెత్తే మనిషి ఏం చేయాలి? పక్కటెముకల మీద తన్నించుకుని మూడో రోజుకే క్రేటు భుజానికెత్తుతాడు. వెంటనే ప్రశ్న వస్తుంది: పనికి పోగలిగాడు కదా, మరి తీవ్ర గాయం ఎలా అవుతుంది? పోగలగడం ఏందయ్యా! పోకపోతే ఇంట్లో అన్నం ఉడకదు. నొప్పి తగ్గి పోయాడా, కూలి లేక పోయాడా అని ఒక్కరైనా అడిగారా? ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ ఖాళీ గిన్నె కనిపించదు కదా. వాడి ఓర్పునే వాడి మీద సాక్ష్యంగా పెట్టడానికి సిగ్గుండాలి.

పైగా మామూలు గాయం కేసులో రాజీకి కోర్టు అనుమతి కూడా అక్కర్లేదు. దెబ్బలు తిన్నవాడు సరే అంటే చాలు. కొట్టింది మండీ ఓనరు. రేపు లోడు ఇవ్వాల్సిందీ ఆయనే. సరే అనక ఏమంటాడు?