ఒక్క అక్షరం మారిస్తే ఎవరు గుర్తుపడతారండీ

కళ్లజోడు పెట్టుకుంటే చాలు, సూపర్‌మ్యాన్‌ని పక్క సీట్లో పనిచేసేవాళ్లు కూడా గుర్తుపట్టని లోకం అది. కాబట్టి 1970లో డీసీ కామిక్స్ వాళ్లు బీటిల్స్ బ్యాండ్‌ని "ఆలివర్ ట్విస్ట్స్" చేసి, అందులోని పాల్ మెకార్ట్నీకి "సాల్ కార్ట్‌రైట్" అని పేరు పెట్టి బ్యాట్‌మ్యాన్ 222వ సంచికలోకి దింపితే మనం నవ్వకూడదు. తెలుగులో రాసి చూడండి వాళ్ల కష్టం తెలుస్తుంది, ప కి చిన్న తోక తగిలిస్తే స, పాల్ కాస్తా సాల్, అయిపోయింది మారువేషం.

అసలు గొడవేంటంటే, 1969 అక్టోబర్‌లో డెట్రాయిట్‌లో ఒక రేడియో స్టేషన్‌కి ఎవడో ఫోన్ చేసి పాల్ ఎప్పుడో పోయాడు, ఇప్పుడున్నది డూప్ అన్నాడు, ఇంకేముంది జనం పాటలు వినడం మానేసి రికార్డుల అట్టలు చూడ్డం మొదలెట్టారు. అబీ రోడ్ అనే బీటిల్స్ ఆల్బమ్ అట్ట మీద పాల్ చెప్పుల్లేకుండా నడుస్తున్నాడు, శవానికి చెప్పులెందుకు, కాబట్టి చచ్చినట్టే. వెనకాల ఫోక్స్‌వాగన్ నంబర్ ప్లేట్ మీద 28 ఐఎఫ్ అని ఉంది, ఇఫ్ అంటే బతికుంటే, అంటే బతికుంటే 28 ఏళ్లు అన్నమాట. ఆయనకి అప్పటికి నిజానికి 27. ఏడాది తేడా వస్తే ఆగిపోతారా భలేవారే, కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ కలుపుకోండి!

ఇంత పెద్ద కేసు పోలీసులకి వదిలేస్తే ఏం బాగుంటుంది, అందుకే బ్యాట్‌మ్యాన్, రాబిన్ రంగంలోకి దిగి 15 సెంట్ల సంచికలోనే తేల్చేశారు (యాభై ఏళ్లు దాటింది కాబట్టి సస్పెన్స్ చెప్పేస్తున్నా). సాల్ అసలువాడే, నిక్షేపంలా ఉన్నాడు. పోయింది మిగతా ముగ్గురు, డూపులు వాళ్లే! ఒకడు చచ్చాడా అని అడిగితే ముగ్గుర్ని చంపి చూపించిన పరిశోధన అది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో చదివాడో లేదో పాపం.

పోటీ కామిక్స్ కంపెనీ మార్వెల్ వాళ్లకైతే ఈ పేర్లు మార్చే కళ మీద బొత్తిగా గౌరవం లేదు, 1965లోనే స్ట్రేంజ్ టేల్స్ 130లో బీటిల్స్‌ని సొంత పేర్లతోనే వాడేశారు. వాళ్ల సూపర్‌హీరోలు హ్యూమన్ టార్చ్, థింగ్ బీటిల్స్ కచేరీకని బయల్దేరి, టికెట్ డబ్బులు కొట్టేసిన దొంగల వెనక పరిగెత్తి ప్రోగ్రామే మిస్సయ్యారు. అసలు పేర్లు వాడితే అంతే.

అన్నట్టు, బ్యాట్‌మ్యాన్ సంచిక మీద వేసిన నెల జూన్ 1970. ఏప్రిల్‌లోనే పాల్ బీటిల్స్ నుంచి బయటికొచ్చేశాడని పేపర్లలో వచ్చేసింది. మనిషి బతికే ఉన్నాడని డిటెక్టివ్ గారు ఫైలు మూసేలోపు బ్యాండే పోయింది, దానికి మాత్రం ఏ కారు నంబర్ ప్లేట్ మీదా క్లూ లేదు.