సర్వీస్ లిఫ్ట్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సర్వీస్ లిఫ్ట్ గారికి,

కొండాపూర్ వైపు ఓ టవర్‌లో, పద్నాలుగో అంతస్తు ఓనరు వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, మీ కుశలం మేమెప్పుడూ కనుక్కోలేదు. మెయిన్ లిఫ్టుకి అద్దం, ఫ్యాను పెట్టించాం. మీకు గీతలు పడకుండా ప్లైవుడ్ కొట్టించాం. లోపల నిలబడేవాళ్ల సంగతి ఆ కొటేషన్‌లో లేదు.

మీ పక్కన బోర్డు గుర్తుందా? "పనివాళ్లు, డెలివరీవాళ్లు, పెంపుడు కుక్కలు ఇందులోనే వెళ్లాలి." దీని మీద పెద్ద పోరాటమే నడిచింది. కుక్కల యజమానులు వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు కొట్లాడి గెలిచారు. ఇప్పుడు కుక్కలు మెయిన్ లిఫ్టులో వెళ్తున్నాయి. బోర్డు మీద ఆ ఒక్క మాటకీ స్టిక్కరు అంటించారు.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది కదా అని ఎవరో గ్రూపులో పెడితే, "ఇది కులం కాదు సార్, హైజీన్" అని ఓ పెద్దాయన జవాబిచ్చారు. పొద్దున్నే మా గిన్నెలు తోమి, మా పిల్లలకి అన్నం కలిపి పెట్టే చేతులకి లిఫ్టు దగ్గరికొచ్చేసరికే అంటు పుడుతుందన్నమాట.

ఆ పెద్దాయన కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడెవడో "మీ దేశానికి పో" అన్నాడని ఈయనకి రెండు రోజులు నిద్ర లేదు. 1955లో అమెరికాలోని మాంట్‌గోమరీ బస్సులో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ తెల్లవాళ్ల కోసం సీటు వదలనందుకు అరెస్టయిన సంగతి, నల్లజాతివాళ్లు 381 రోజులు ఆ బస్సులెక్కని సంగతి మాకు పూసగుచ్చినట్టు చెప్పారు. మెయిన్ లిఫ్టులో నిలబడే చెప్పారు.

సరే, మీతో నా అసలు గొడవ వేరు. మా లిఫ్టులో మేం ఒకరి మొహం ఒకరం చూసుకోం. ఎన్నికలప్పుడు పార్టీల మీదా, ఆ తర్వాత ఆంధ్రా తెలంగాణా అనీ తిట్టుకుని గ్రూపే రెండుగా చీలింది. మీరేమో అంతస్తు అంతస్తుకీ ఆగుతూ, పాలమూరు నుంచి వచ్చిన మా పనక్కనీ, శ్రీకాకుళం వంటావిడనీ, ఒడిశా సెక్యూరిటీ అబ్బాయినీ, పాతబస్తీ డెలివరీ కుర్రాణ్నీ రోజూ పక్కపక్కన నిలబెట్టారు. ఎవరింట్లో ఎంతిస్తున్నారో చెప్పేసుకున్నారు. ఒకరి జీతం ఒకరికి తెలియకూడదని మేమెంత జాగ్రత్త పడ్డామండీ!

మొన్న పనక్క అంది: "సార్, నెలకు నాలుగు సెలవులు కావాలె. మేమందరం అనుకున్నం."

ఆ "మేమందరం" వినగానే నాకు టెన్షన్. అందరూ అంటే ఎవరని అడిగా.

"లిఫ్టోళ్లం" అంది.

కులం కాదు, ఊరు కాదు, పార్టీ కాదు. ఈ కొత్త జాతిని పుట్టించింది మీరే. వాదించి గెలుద్దామని నెట్‌లో వెతికితే ఇంకో చిక్కు. ఇంటిపనివాళ్లకి వారానికో రోజు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే 189వ ఒప్పందం చేసింది. మన దేశం అక్కడ దానికి ఓటేసి వచ్చి, ఇంతవరకూ ధ్రువీకరించలేదు. అచ్చం మా అసోసియేషన్ మీటింగే. నేను రెండుకి బేరమాడా. "మావోళ్లను అడిగి చెప్త" అంది.

కాబట్టి విన్నపం. కాస్త స్పీడు పెంచండి, లేదా ఒక్కొక్కరినే ఎక్కించుకోండి. అన్నట్టు, ఆదివారం మెయిన్ లిఫ్టు రిపేరట. ఆ రోజు మేమూ మీలోనే రావాలి. లోపల ఫ్యాను లేదంటున్నారు, నిజమేనా?

ఇట్లు,
మెయింటెనెన్స్ బాకీ లేని ఓనరు