ఏడు రోజులకే చేతులు దులుపుకుంటారా?

తలకు బలమైన దెబ్బ తగిలిన మనిషికి మొదటి ఏడు రోజులు ప్రాణం దక్కుతుందో లేదో తేలడానికే చాలవు. మెదడు వాపు దిగాలి, వెంటిలేటర్ తీయాలి, పిలిస్తే కళ్లు తెరవాలి. తీవ్రంగా గాయపడిన చాలామందికి ఆ వారంలో స్పృహే రాదు. కేంద్రం మాత్రం 2025 మే 5న నోటిఫై చేసిన, రోడ్డు ప్రమాద బాధితుల నగదు రహిత చికిత్స పథకంలో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజులు, లక్షన్నర రూపాయలు అని గిరి గీసింది. సుప్రీంకోర్టు గడువు పెట్టి నిలదీస్తే తప్ప ఆ మాత్రమైనా కదల్లేదు. లక్షన్నర ఏ మూలకన్న వాదన ఉంది, దాన్ని పక్కన పెడదాం. మమ్మల్ని కలవరపెడుతున్నది ఆ ఏడు. మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన పథకంలో ఒకసారి ఆ అంకె అచ్చయ్యాక, రేపు ఏ ప్రభుత్వమైనా ‘మా బాధ్యత ఇంతవరకే’ అని తప్పుకోవడానికి అదే ఆధారమవుతుంది.

ఈ ధోరణి కొత్తదేం కాదు. 2021లో తమిళనాడు తెచ్చిన పథకం మొదటి 48 గంటల చికిత్సకు. ఆయుష్మాన్ భారత్ డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు భరించి ఆగిపోతుంది. ఒకరు గంటల్లో, మరొకరు రోజుల్లో లెక్కలు వేస్తున్నారు. నెలల మాట ఎత్తేవారు లేరు. మెదడు కోలుకునేది నెలల్లోనే. మొదటి ఆరు నెలలు కాస్త వేగంగా, ఆపైన రెండేళ్ల దాకా, కొందరిలో అంతకు మించి కూడా నెమ్మదిగా సాగుతుంది.

బెంగళూరులో హోసూరు రోడ్డు మీది మెదడు, నరాల ఆస్పత్రి నిమ్హాన్స్‌కు హిందూపురం, మదనపల్లె, కదిరి, అనంతపురం, కుప్పం నుంచి అంబులెన్సులు వస్తాయి. కోలారు, చిక్కబళ్లాపుర, బళ్లారి నుంచి వచ్చేవారిలోనూ తెలుగు ఇళ్లవారు ఎందరో. హెల్మెట్ లేకుండా బైకు మీంచి పడినవాళ్లు కొందరైతే, ఈ నగరంలో అపార్టుమెంట్లు కడుతూ సారవ మీంచి పడిన మేస్త్రీలు, కూలీలు ఇంకొందరు. ఈ రెండో రకం వాళ్లకు ఆ ఏడు రోజులు కూడా లేవు, పథకం రోడ్డు ప్రమాదాలకే. భవన నిర్మాణ కార్మికుల పేరిట 1996 చట్టం కింద సెస్సు వసూలవుతూనే ఉంది. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన కూలీ పేరు నమోదైతేనే కదా అందులోంచి పైసా రాలేది!

నిమ్హాన్స్‌ను నిందించడం న్యాయం కాదు. పడక ఖాళీ చేయించకపోతే తర్వాతి అంబులెన్సులో ఉన్నవారి ప్రాణం పోతుంది. ఆపరేషన్ అయి ఇంటికి బయల్దేరిన మనిషి కోసం ఆ దారి చివర ఏమీ కట్టని ప్రభుత్వాలదే తప్పు.

ఇంటికి చేరేది ఎలాంటి స్థితిలో ఉన్న మనిషో ఈ ఏడు రోజుల లెక్క వేసినవారు తెలుసుకోవాలి. ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేసి పెట్టిన ట్రాకియాస్టమీ గొట్టం, ఆహారం పోయడానికి ముక్కులో రైల్స్ ట్యూబు, మూత్రానికి క్యాథెటర్. కొందరికి పుర్రెలో ఒక వైపు ఎముకే ఉండదు. వాపుకు చోటివ్వడానికి తీసిన ఆ ముక్కను పొట్ట చర్మం కిందనో ఆస్పత్రి ఫ్రీజర్‌లోనో భద్రపరుస్తారు. తిరిగి అమర్చడానికి వారాలు, నెలలు పడుతుంది. అందాకా ఆ వైపు ఒత్తిడి పడకూడదు, మనిషి కింద పడకూడదు. గొంతు గొట్టంలో కఫం గట్టిపడి అడ్డుపడితే నిమిషాల్లో ఊపిరి ఆగిపోతుంది. కాబట్టి కఫం లాగేసే సక్షన్ యంత్రం కావాలి, కరెంటు పోతే కాలితో తొక్కే పంపు కావాలి, లోపలి గొట్టం తీసి కడిగి పెట్టడం ఇంట్లో కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి. రైల్స్ ట్యూబులో జావ పోసేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా పట్టుకుంటుంది, మళ్లీ ఐసీయూ. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం కింద, తుంటి మీద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. పాదాన్ని నిలువుగా పట్టి ఉంచే స్ప్లింట్ లేకపోతే మడమ వెనకాల స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) బిగుసుకుపోయి పాదం కిందికి వాలిపోతుంది. తర్వాత మెదడు ఎంత తేరుకున్నా ఆ కాలు నేల మీద ఆనదు. కండరాల బిగువు తగ్గించే బ్యాక్లోఫెన్ అయిపోయిందని ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కొందరికి వారాల తర్వాత మెదడులో నీరు చేరుతుంది. మాట్లాడడం మొదలుపెట్టిన మనిషి మళ్లీ మగతలోకి జారుతుంటే ఇంట్లోవాళ్లు నీరసమనుకుంటారు, ఆ నీటిని మళ్లించే గొట్టం (షంట్) వేయాల్సిన సమయం దాటిపోతుంది.

ఇన్ని పనులు ఒక పల్లెటూరి కుటుంబానికి ఎవరు నేర్పుతున్నారు? డిశ్చార్జి రోజు హడావిడిలో చేతికి వచ్చేది ఇంగ్లీషులో ఉన్న కాగితం. ఊళ్లో దాన్ని చదివి చెప్పేది ఆర్‌ఎంపీ.

కంటికి కనపడే గాయాల సంగతే ఇలా ఉంటే, కనపడనిది మరీ ఘోరం. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్లు నడుస్తారు, తింటారు, పలకరిస్తే నవ్వుతారు. బాగైపోయాడని చుట్టాలు వెళ్లిపోతారు. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు. పొయ్యి మీద పాలు పెట్టి బయటికి నడుస్తాడు. చిన్న మాటకు చెయ్యెత్తుతాడు, పదిమందిలో అనరాని మాట అంటాడు. గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తారు కొందరు, పొగరనుకుని కొట్టేవాళ్లూ ఉన్నారు. ఇది గాయం ఫలితమేననీ, రోజూ ఒకే వేళకు ఒకే వరసలో పనులు చేయించాలనీ, ఆ రోజు పనులు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలనీ, కోపానికి ముందు వచ్చే అలసటను పసిగట్టి నిశ్శబ్దంగా ఉన్న గదిలోకి తీసుకెళ్లాలనీ చెప్పాల్సింది మెదడు గాయంతో వచ్చే ప్రవర్తన మార్పులను చూసే న్యూరోసైకాలజిస్టు. రాయలసీమలో ఏ జిల్లా ఆస్పత్రికి వెళ్తే ఆ నిపుణులు దొరుకుతారో ఆరోగ్య శాఖే చెప్పాలి.

మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన ప్రమాద బాధితులకు ఆంధ్రప్రదేశ్ నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. మంచిదే. అయితే ఈ మనిషి మంచాన లేడు. పనికి పోలేడు, ఒంటరిగా వదల్లేరు, అయినా కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి కాబట్టి వైకల్యాన్ని లెక్కగట్టే సదరం శిబిరంలో 40 శాతం దాటడం కష్టం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలను చేర్చారు గానీ అందులో మెదడు గాయం విడిగా లేదు. కాలు పడిపోతే చలన వైకల్యం, మాట పోతే వాక్ వైకల్యం అంటూ ఒకే గాయాన్ని ముక్కలు చేసి వెతుక్కోవాలి.

మాట పోయినవారి బాధ ఇంకొకటి. పోయిన మాటను తిరిగి రప్పించే సాధన ఇంటి భాషలోనే సాగాలి. అనంతపురం రైతుకు బొమ్మల కార్డులు చూపించి కన్నడంలోనో ఇంగ్లీషులోనో అడిగితే, ఆయన తడబడింది గాయం వల్లా, ఆ భాష రాకా అన్నది ఏ థెరపిస్టు తేల్చగలరు? ఇది వారానికి కొన్ని గంటల చొప్పున నెలల తరబడి చేయాల్సిన పని. హిందూపురం నుంచి బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్లు, అనంతపురం నుంచి 200 పైచిలుకు. కూలి మానుకుని, బస్సులో మోసుకుని ప్రతి వారం ఎవరు తీసుకురాగలరు? ఒకటి రెండుసార్లు వచ్చి ఆగిపోతారు. ‘ఫాలోఅప్‌కు రాలేదు’ అని రికార్డులో తప్పు రోగి మీదే పడుతుంది.

ముందు ప్రాణం నిలపాలి, నిధులు పరిమితం, మిగతావి తర్వాత అంటారు అధికారులు. ముందు ప్రాణమే, కాదనలేం. కర్ణాటక 2022లో నిమ్హాన్స్‌తో కలిసి మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టి కోలారు, చిక్కబళ్లాపుర వైపు క్లినిక్కులు తెరిచిన మాటా నిజమే. అవి వచ్చి చూపించుకుని పోయే క్లినిక్కులు. నెలా రెండు నెలలు ఉంచుకుని మింగడం, కూర్చోవడం, నడవడం నేర్పే చోట్లు కావు. పైగా ఆ ‘తర్వాత’ ఎన్నటికీ రాకపోవడానికి కారణం ఈ ఏడు రోజుల లెక్కే. రోడ్డు ప్రమాద మృతులుగా లెక్కించేది 30 రోజుల్లోపు పోయినవారినే. లక్షన్నర ఖర్చుపెట్టి బతికించిన మనిషి పుండ్లు పట్టో న్యుమోనియాతోనో మూడో నెలలో కన్నుమూస్తే, సర్కారు కాగితాల్లో అతనిది దక్కిన ప్రాణంగానే మిగిలిపోతుంది. ఇంతకంటే ద్వంద్వ నీతి ఏముంటుంది? క్షతగాత్రుణ్ని సకాలంలో ఆస్పత్రికి చేర్చినవారికి కేంద్రం 25,000 రూపాయల బహుమతి ఇస్తోంది. ఇవ్వాల్సిందే. అదే మనిషిని ఏళ్ల తరబడి ఎత్తి దించే భార్యకు, తల్లికి నెలలో రెండు రోజుల ఊరట ఇచ్చే ఏర్పాటు గురించి ఎవరూ పెదవి విప్పరు.

2020లో మెదడు దెబ్బతిన్న 12 ఏళ్ల బాలిక కేసులో సుప్రీంకోర్టు నెలకు ఇద్దరు సహాయకుల జీతాన్ని 18 అనే గుణకంతో ఏళ్ల లెక్కన హెచ్చించి 21 లక్షల 60 వేల రూపాయలు ఆ ఒక్క పద్దు కిందే ఇప్పించింది. సంరక్షణ ఏళ్ల తరబడి ఉండేదని దేశ అత్యున్నత న్యాయస్థానం లెక్కగట్టి చెప్పిన ఐదేళ్లకు, ప్రభుత్వం ఏడు రోజులంటోంది. భర్త స్పృహలో లేకపోతే ఆయన ఖాతాలోని డబ్బు తీయడానికి భార్యకు దారి లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద జిల్లా కమిటీ ఇచ్చే సంరక్షకత్వం ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. కోమాలో ఉన్నవారి కుటుంబాలు వైద్యానికి డబ్బు కోసం హైకోర్టు గడప తొక్కాల్సి వస్తోంది.

చేయాలనుకుంటే దారి తెలియక కాదు. నిమ్హాన్స్ ముందున్న రోడ్డు పట్టుకుని సరిహద్దు దాటితే కృష్ణగిరి జిల్లా. అక్కడి సామనపల్లిలోనే 2021 ఆగస్టులో తమిళనాడు ఇంటి ముంగిటికి వైద్యం అందించే పథకాన్ని ప్రారంభించింది. ఇంటికి వచ్చి ఫిజియోథెరపీ చేయడం, మంచాన ఉన్నవారిని చూసుకోవడం అందులో భాగం. రోడ్డు ప్రమాదంలో నడుం కింది భాగం చచ్చుబడిపోయిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే పనిచేసి, వేలూరు సీఎంసీలో 1966లో పునరావాస కేంద్రాన్ని నిలబెట్టారు. చిత్తూరు నుంచి అది బస్సు దూరం. అన్నేళ్ల కిందట ఒక ఆస్పత్రి చేసి చూపించింది ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు ఇవాళ్టికీ చేతకాలేదు.

ఏడు రోజుల గీత చెరిపేయాలి. డిశ్చార్జి నాటికి నడక, మాట, మింగడం రానివారికి, వారు రోడ్డు మీద పడ్డా సారవ మీంచి పడ్డా, కనీసం ఆరు నెలల పునరావాసాన్ని పథకాల్లో చేర్చాలి. అనంతపురం, తిరుపతి, కోలారుల్లో ఇరవై పడకల చొప్పున కేంద్రాలతో మొదలుపెట్టినా చాలా కుటుంబాలు ఒడ్డున పడతాయి. పునరావాస వైద్యులు, ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, తెలుగు వచ్చిన స్పీచ్ థెరపిస్టు, స్ప్లింట్లు చేసిచ్చేవారు ఒకేచోట ఉండాలి. డిశ్చార్జికి నాలుగైదు రోజుల ముందు నుంచే సక్షన్, ఆహారం పోయడం, తిప్పడం బంధువుల చేతే చేయించి చూసి, తెలుగులో రాసిచ్చి పంపాలి. 2019లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీని బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆస్పత్రులకు విస్తరించింది. శస్త్రచికిత్సకు సరిహద్దు దాటిన కార్డు పునరావాసానికి ఎందుకు దాటకూడదు?

పునరావాస సేవలు కల్పించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 27వ సెక్షన్ ప్రభుత్వాలను, స్థానిక సంస్థలను ఆదేశిస్తోంది. అందులో ‘ఆర్థిక సామర్థ్యం మేరకు’ అన్న ముక్క ఒక్కటే సచివాలయాల్లో కంఠతా వచ్చినట్టుంది. ఎక్స్‌ప్రెస్‌వేలకు, ఫ్లైఓవర్లకు అడ్డురాని సామర్థ్యం ఆ రోడ్ల మీద తలలు పగిలినవారి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతోంది? ప్రతి జనవరిలో రోడ్డు భద్రతా మాసమంటూ హెల్మెట్లు పెట్టుకుని ఫొటోలు దిగే మంత్రులు ఈసారి ర్యాలీకి ముందు అలా డిశ్చార్జయిన ఒక మనిషి ఇంటికి వెళ్లాలి. రెండు గంటలకోసారి లేచి ఆ మనిషిని పక్కకు తిప్పే పని ఒక్క రాత్రి చేయాలి. తెల్లారాక కూడా ఏడు రోజులు సరిపోతాయని వాళ్లకే అనిపిస్తే, ఆ మాట ఆ ఇంటి ఇల్లాలి ముందు నిలబడి చెప్పాలి.